శకటేశ్వరస్వామి వారి మరమ్మతు

సృష్టిలో ఉన్నవి రెండే జాతులని పెద్దలు చెప్పారు. కదిలేవి జంగమాలు, కదలనివి స్థావరాలు. కదలవలసి ఉండీ కదలనివి అనే మూడవ జాతిని గురించి వారు ఏమీ సెలవియ్యలేదు. ఆ లోటును సింగవరపుపేట పురపాలక సంఘం పూరించింది.

ఆ ఏడు భాద్రపదమాసంలో కొత్తగా వచ్చిన కమిషనరుగారు పట్టణ సందర్శనానికి బయలుదేరి, మూడు వీధులు దాటేలోగా పదకొండు మృతవాహనాలను దర్శించారు. ఒక సందులో స్కూటరుకు బీరపాదు అల్లుకొని, హ్యాండిలుకు చెరొకవైపు కాయలు వేలాడుతున్నాయి. మరొక సందులో చక్రాలు లేని లారీ ఇటుకల మీద కూర్చుని ఉంటే, దాని తొట్టిలో ఒక ఇల్లాలు వడియాలు పెట్టుకుంటున్నది. కమిషనరుగారు పదకొండు తలుపులూ తట్టించి, "దీనిని అమ్మివేయరాదా?" అని అడిగించారు. పదకొండు ఇళ్ళవారూ కూడబలుక్కున్నట్టు ఒకటే మాట అన్నారు.

"అమ్మం బాబూ. బాగుచేయించుకుంటాం."

"ఎప్పుడు?"

"త్వరలో."

ఆ 'త్వరలో' అనే మాట కమిషనరుగారి గుండెలో ముల్లులా దిగబడింది. వారం తిరిగేసరికి 'నిశ్చల వాహన నిర్మూలన పథకం' వెలువడింది. పథకమన్నాక నియమాలుంటాయి, నియమాలన్నాక నిర్వచనాలుంటాయి. "ఏ వాహనము యొక్క చక్రము క్రింద గడ్డి మొలచునో అది నిశ్చల వాహనమనబడును" అన్నది మొదటి నిర్వచనం. "త్వరలో అనగా ముప్పది దినములు" అన్నది రెండవది. ఆ ముప్పది దినాలలో కదలని ప్రతి బండినీ క్రేనుతో ఎత్తి తుక్కు చేయవలసిందని శాసనం.

ఆ ఆజ్ఞాపత్రం కళాసీల వీధిలో కొప్పిశెట్టి నూకరాజు ఇంటి గోడకు కూడా అంటుకొన్నది.

నూకరాజు అరవయ్యేడేళ్ళ మనిషి. ఒకప్పుడు ఆ పేటలో ఏ పెళ్ళికూతురు అత్తవారింటికి వెళ్ళినా అతని తెల్ల అంబాసిడరు టాక్సీలోనే వెళ్ళేది. ఇరవై రెండేళ్ళ క్రితం ఒక తుఫానునాడు వాగు దాటుతూ అది కడుపునిండా నీళ్ళు తాగి ఆగిపోయింది. నలుగురు మనుషులు దానిని తోసుకొచ్చి ఇంటి ముందు నిలబెట్టారు. ముందు చక్రాలు నూకరాజు అరుగు పక్కన, వెనుక చక్రాలు పురపాలక సంఘం వారి వీధిలో ఉండగా, నిలబెట్టినది నిలబెట్టినట్టే ఉండిపోయింది. తెలుపు గోధుమవన్నె అయింది. గోధుమవన్నె ఇటుకరంగయింది.

అయినా ప్రతి ఆదివారం నూకరాజు స్నానం చేసి, విభూతి పెట్టుకొని, బానెట్టు ఎత్తేవాడు. ఒక భాగం ఊడదీసి, కిరసనాయిలుతో కడిగి, ఎండకేసి చూసి, మళ్ళీ బిగించేవాడు. బిగించిన ప్రతిసారీ ఒక మర మిగిలేది. అలా మిగిలిన మరలతో ఒక ఆవకాయ జాడీ నిండింది.

"మావా, పాత ఇనప సామాన్లోడు మళ్ళీ వచ్చాడు," అనేది భార్య వరహాలమ్మ. ఆమె అతనికి మేనత్త కూతురు; చిన్ననాటి నుంచీ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. "ఈపాలి కారుతోపాటు నిన్ను కూడా కాటాలో కూకోమంటన్నాడు. ఇద్దరికీ ఒకటే రేటంట."

"నా కారు తుక్కటే నీకు? ఒక్క కార్బురేటరు దారికొత్తే చాలు. గుర్రంలాగ దౌడు తీత్తది."

"ఆ ఒక్కటీ ఇరవై రెండేళ్ళ నుంచి ఒక్కటే కదా. అప్పుడు ఒక్క ప్లగ్గన్నావు. తరవాత ఒక్క పంపన్నావు. అమ్మేసి, ఆ చోటులో నాలుగు బెండమొక్కలేసుకుంటే కూరకైనా వచ్చును."

నూకరాజు మరొక మర ఊడదీసేవాడు. అతని మనసులో ఒక లెక్క ఉండేది. కారు ఇంటి ముందు ఉన్నంతకాలం అతడు డ్రైవరే, బండి మరమ్మతులో ఉన్న డ్రైవరు. అది వెళ్ళిపోయిన మరునాడు అతడు ఒకప్పుడు డ్రైవరుగా ఉండిన ఒక ముసలివాడు. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరం భూమికీ ఆకాశానికీ మధ్య కూడా లేదని అతని నమ్మకం.

కాలచక్రం తిరిగి, ముప్పది దినాల గడువు సరిగ్గా విజయదశమి మరునాటికి వచ్చిపడింది. దశమినాడు ఆయుధపూజకు నూకరాజు ఎప్పటిలాగే కారుకు నీళ్ళు పోశాడు. అద్దానికి పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలుంచి, గుమ్మడికాయ కొట్టాడు. నడిచే బండికైతే ముందుకు నడిపి నిమ్మకాయలు చితగ్గొట్టడం ఆచారం. ఇది నడవదు కనుక నిమ్మకాయలు అలాగే ఉండిపోయాయి.

మరునాటి ఉదయం క్రేను వచ్చింది. దాని ముందు పురపాలక సంఘం ఇన్‌స్పెక్టరు దండిబొట్ల సూర్యప్రకాశం, చేతిలో దస్తావేజుల కట్టతో నడుస్తున్నాడు. ఆయన వంగి, వెనుక చక్రం కింది గడ్డిని స్కేలుతో కొలిచి, "తొమ్మిది అంగుళములు. నిశ్చలత్వము నిర్వివాదము," అని రాసుకొని, "ఎత్తవయ్యా," అన్నాడు.

క్రేను డ్రైవరు దుర్గారావు కిందికి దిగాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. చెప్పులు విడిచాడు. దండం పెట్టాడు.

"నా వల్ల కాదండి."

"ఏమి? బరువా?"

"బరువు కాదండి. పూజ జరిగింది. నిమ్మకాయ నలగలేదు. నలగని నిమ్మకాయ మీంచి బండిని లేపితే, లేపినోడి ఇంటి మీదకొస్తాదండి. నా క్రేనుకీ నిన్ననే పూజ చేశాను. దానికీ దీనికీ మధ్య తగువు పెట్టకండి బాబూ."

"దుర్గారావూ, ఇది ప్రభుత్వాజ్ఞ."

"అదిగో, ఆ కొక్కెం అక్కడుంది. తమరే తగిలించండి."

సూర్యప్రకాశం కొక్కెం వైపు చూశాడు. నిమ్మకాయ వైపు చూశాడు. ఆయనకు కూడా ఇద్దరు పిల్లలున్నారు. అరుగు మీద కూర్చుని కలం తీసి, నివేదిక రాశాడు: "సదరు స్థలమందు పూజలందుకొనుచున్న నిశ్చల నిర్మాణమొకటి కానవచ్చినది. దీనిని కదల్చుట ఈ కార్యాలయ పరిధిలోనిది కాదు. తగు చర్య నిమిత్తము దేవాదాయ శాఖకు నివేదించడమైనది."

రాసినవాడు తప్పించుకుందామని రాశాడు. కానీ ప్రభుత్వంలో ఒక వాక్యం పుట్టాక, దానికి చావు ఉండదు.

పన్నెండవ రోజున దేవాదాయ శాఖ కార్యనిర్వహణాధికారి ఆకెళ్ళ త్ర్యంబకంగారు విచ్చేశారు. నుదుట మూడు అడ్డనామాలు, చంకలో ఒక దరఖాస్తు. అరుగు మీద ఆసీనులై, ప్రశ్నలు ప్రారంభించారు.

"ఇచ్చట వెలసిన స్వామివారి నామధేయమేమి?"

"కారండి," అన్నాడు నూకరాజు.

"కారు అనునది జాతి. నామము కావలెను. మూడవ గడి." ఆయన క్షణం కళ్ళు మూసుకొని, తామే రాసుకొన్నారు. "శ్రీ శకటేశ్వరస్వామి. ప్రతిష్ఠించినవారెవరు?"

"ప్రతిష్ఠేటండీ? నలుగురు తోసుకొచ్చారు."

"సామూహిక ప్రతిష్ఠ. మూలవిరాట్టా, ఉత్సవమూర్తియా?"

"అదేటో నాకు తెలవదు బాబూ."

"కదలని విగ్రహము మూలవిరాట్టు. ఊరేగునది ఉత్సవమూర్తి. ఇది కదులునా?"

నూకరాజు ఆ ప్రశ్నకు ఇరవై రెండేళ్ళుగా జవాబు సిద్ధం చేసుకొని ఉన్నాడు. "ఇప్పుడు కదలదండి. త్వరలో..."

"త్వరలో అను గడి లేదు," అని ఆయన మూలవిరాట్టు దగ్గర గీత గీశారు. "మరి స్వామివారికి వాహనము లేదేమి?"

"ఆయనే వాహనం కదండీ!" అన్నది వరహాలమ్మ గుమ్మంలోంచి.

త్ర్యంబకంగారు అజ్ఞానులను క్షమించే చిరునవ్వు నవ్వారు. "అమ్మా, వాహనము లేని దైవమును నేను నా ఉద్యోగ జీవితమున చూడలేదు. శాస్త్రలోపము రాకూడదు." శాస్త్రలోపం రాకుండా, పక్షం రోజులలో శకటేశ్వరస్వామి వారి వాహనంగా ఒక సరికొత్త జీపు మంజూరైంది. స్వామివారు దానిని ఎక్కలేరు గనుక, వారి తరఫున త్ర్యంబకంగారు ఎక్కి తిరగసాగారు.

నూకరాజుకు మొదట ఇదంతా దైవకృపగానే తోచింది. కారు మీద చెయ్యి వేసేవాడు లేడు. పైన తాటాకుల పందిరి పడింది. ఒక అర్చకుడు వచ్చాడు. లైసెన్సు పరీక్ష తప్పినవారు, బస్సు దొరకనివారు, మోకాళ్ళ నొప్పులవారు వచ్చి తొమ్మిది ప్రదక్షిణలు చేయసాగారు. "చూశావటే," అన్నాడు భార్యతో. "తుక్కన్నావు. ఇప్పుడు నువ్వే దండం పెట్టుకోవాలి."

"పెట్టుకుంటాన్లే. నీకు బుద్ధి పుట్టించమని పెట్టుకుంటాను."

వార్త పేటంతా పాకింది. 'అమ్మం, బాగుచేయించుకుంటాం' అనేవాళ్ళు పట్టణంలో ఎందరున్నారో అందరూ నిమ్మకాయలు కొన్నారు. కార్తీకమాసానికి సింగవరపుపేటలో నలభై మూడు ఆలయాలు వెలిశాయి. బీరపాదు స్కూటరు లతాంగి అమ్మవారయింది, కాయలు ప్రసాదం. ఇటుకల మీది లారీకి ఆదిశేషుడని పేరు వచ్చింది. వడియాల ఇల్లాలు ధర్మకర్త. వీధికి మూడు గుళ్ళు కావడంతో పట్టణంలో ఆటోలు ప్రదక్షిణమార్గం తప్ప మరో దారిలేక, రైలుస్టేషనుకు పోవలసినవారిని కూడా మూడేసిసార్లు తిప్పి దించుతున్నాయి. కమిషనరుగారు సెలవు పెట్టారు.

ఒక ఆదివారం నూకరాజు అలవాటు కొద్దీ స్నానం చేసి, విభూతి పెట్టుకొని, స్పానరు తీసుకొని, బానెట్టు ఎత్తాడు.

"అపచారం!" అని అర్చకుడు గంట జారవిడిచాడు.

సాయంకాలానికల్లా తాఖీదు వచ్చింది. "తాము స్వామివారి వక్షఃస్థలమును తెరచి, అంతరంగమును ఇనుప పరికరముతో స్పృశించినట్లు తెలియవచ్చుచున్నది. సంప్రోక్షణ జరిపించడమైనది. ఇకపై తాము తొమ్మిది అడుగుల దూరమున నిలిచి సేవించుకొనవలెను." దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని సామెత. నూకరాజు విషయంలో దేవుడూ అతని సొత్తే, అయినా తొమ్మిది అడుగులు తప్పలేదు. పైగా, కొలిచి సున్నంతో గీత గీశారు.

ఆ గీత అవతల నిలబడి అతడు చూస్తూండగా కారు మరింత తుప్పు పట్టసాగింది. అభిషేకాలంటే మాటలా! రోజుకు మూడు పూటల పాలు, పెరుగు, కొబ్బరినీళ్ళు. భక్తులు బొట్టు పెడితే, ఆ బొట్టుతోపాటు రేకు ఊడి వేలికి వచ్చేది. "కార్బురేటరులోకి పాలు పోతన్నాయే," అని నూకరాజు భార్య దగ్గర వాపోయాడు. ఆదివారాలు అతడు ఏం చేయాలో తోచక అరుగు మీద కూర్చుని, ఖాళీ చేతులను ఒకదానితో ఒకటి తుడుచుకోవడం ఆమె చూస్తున్నది.

మార్గశిరంలో త్ర్యంబకంగారు జీర్ణోద్ధరణ ప్రణాళికతో దిగారు. సెలవు నుంచి తిరిగి వచ్చిన కమిషనరుగారి తరఫున సూర్యప్రకాశం కూడా వచ్చాడు. వీధి మలుపులో క్రేను వేచి ఉన్నది. దుర్గారావుకు ఈసారి నిమ్మకాయల దోషనివారణకు ఉత్తర్వు కాపీ ఒకటి ముందే ఇచ్చారు. కాలిబాట మీద పన్నెండు బస్తాల సిమెంటు దించారు.

"సిమెంటెందుకండీ?" అన్నాడు నూకరాజు.

"స్వామివారి దేహము క్షీణించుచున్నది," అన్నారు త్ర్యంబకంగారు. "కావున అంతరంగమంతయు సిమెంటుతో పూరించి, పైన ఇత్తడి తొడుగు వేయించెదము. కల్పాంతము వరకు చెక్కుచెదరదు. తాము అనువంశిక ధర్మకర్తలగుదురు. ప్రథమ తీర్థము, తలపాగా మర్యాద. ఈ ఒక్క వాక్యము క్రింద సంతకము చేయుడు."

ఆయన చదివి వినిపించారు. "ఇది వాహనము కాదు. ఇకముందు కాబోదు. అని నా మనఃపూర్వకముగా వ్రాసియిచ్చిన ప్రమాణము."

నూకరాజు కలం అందుకొని ఆగాడు. "ఇంజనులో కూడా సిమెంటు పోస్తారాండీ?"

"ముఖ్యముగా అందులోనే. అది శూన్యస్థానము."

"సంతకం పెట్టకపోతే?"

సూర్యప్రకాశం గొంతు సవరించుకొన్నాడు. "పెట్టనిచో ఇది దైవము కాదు, వాహనము. వాహనమైనచో నిశ్చలము. క్రేను సిద్ధముగా నున్నది. మధ్యాహ్నము పన్నెండు గంటలలోపు తేల్చవలెను. దుర్గారావుకు మరియొకచోట పని ఉన్నది."

"నడిచే బండైతేనో?"

"నడచినను పదిహేనేండ్లు దాటినది. కాలుష్య నియమము క్రింద తుక్కే. నియమావళి ఎవరికిని అన్యాయము చేయదు. అన్ని మార్గములును అచ్చటికే చేరును."

వీధివీధంతా గుమిగూడింది. "పెట్టెయ్యి నూకరాజూ," అన్నారు ఒకరు. "గుడి కట్టిస్తామంటే చేదా?" అన్నారు మరొకరు. నూకరాజు కాగితం వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇకముందు కాబోదు. ఇరవై రెండేళ్ళలో ఇనప సామాన్లవాడు అనని మాట, భార్య అనని మాట. వాళ్ళు ఎగతాళి చేశారే గాని, ఎప్పటికీ కాదని కాగితం మీద పెట్టమనలేదు. సంతకం పెడితే కారు తనదై ఉంటుంది, రాయిలాగ. పెట్టకపోతే క్రేను. కారు పోతుందనే భయం గెలిచి, కలం కాగితానికి ఆనింది. ఇంటిపేరు మొదటి అక్షరం 'కొ' పడింది.

"ఆగు," అన్నది వరహాలమ్మ.

ఆమె సున్నపుగీత దాటి వచ్చి, అతని చేతిలోంచి కలం లాగేసింది. "ఇది బండి కాదన్నదెవడు? నా పెళ్ళై నలభై రెండేళ్ళు. ఈ బండి తిండే తిన్నాను. మా మావ బాగుచేత్తానన్నాడు. చేత్తాడు. మీకేటి తొందర?"

"అమ్మా, భావావేశమునకు నియమావళిలో..."

"ఆ నియమావళే తియ్యి బాబూ. రిపేర్లో ఉన్న బండినేటి చెయ్యాలో రాయలేదా అందులో?"

సూర్యప్రకాశం అయిష్టంగా పుటలు తిప్పాడు. తిప్పి తిప్పి, ఒకచోట ఆగి, చదవకుండా మూసేయబోయాడు. దుర్గారావు భుజం మీంచి తొంగిచూసి పైకి చదివేశాడు: "తనిఖీ సమయమున మరమ్మతు జరుగుచున్న వాహనము, మరమ్మతు పూర్తియగువరకు, నిశ్చలమని గాని చలనశీలమని గాని పరిగణింపబడదు."

"విన్నావా మావా?" అన్నది వరహాలమ్మ.

"విన్నాను."

"మరి చూత్తావేటి? దూరు కిందకి!"

అరవయ్యేడేళ్ళ నూకరాజు పంచె ఎగగట్టి, బంతిపూల మీదుగా కారు కిందకి దూరాడు. ఆమె స్పానరు అందించింది. క్షణం తర్వాత లోపలి నుంచి టంగుమని ఒక దెబ్బ వినిపించింది. తర్వాత మరొకటి.

సూర్యప్రకాశం చెవి ఒగ్గి విన్నాడు. గడియారం చూసి రాసుకొన్నాడు. "పదకొండు గంటల నలుబది నిమిషములకు మరమ్మతు జరుగుచుండెను."

అందరూ త్ర్యంబకంగారి వైపు చూశారు. ఆయన తొట్రుపడలేదు. "శాస్త్రమున దీనికిని మార్గమున్నది," అన్నారు. "మూలవిరాట్టుకు మరమ్మతు జరుగునప్పుడు, స్వామివారి శక్తిని కలశములోనికి ఆవాహన చేసి, బాలాలయమున ఉంచవలెను. మరమ్మతు ముగియగనే స్వామివారు తిరిగి వేంచేయుదురు. అప్పుడు సిమెంటు." ఆనాడే ఒక రాగి చెంబులోకి శకటేశ్వరస్వామిని ఆవాహన చేసి, జీపులో కార్యాలయానికి తీసుకొనిపోయారు. అర్చకుడు, హుండీ, ఉద్యోగాలు అన్నీ చెంబు వెంట వెళ్ళాయి. ఎవరికీ ఏ నష్టమూ రాలేదు.

'తనిఖీ సమయమున' అంటే ఎప్పుడో నియమావళిలో లేదు. కనుక ఉదయం పది నుంచి సాయంకాలం అయిదు దాకా ఎప్పుడైనా కావచ్చునని కమిషనరుగారు వ్యాఖ్యానించారు. సూర్యప్రకాశానికి కళాసీల వీధి అరుగు మీద ఒక కుర్చీ వేయించి, ఆయనను శాశ్వత తనిఖీ విధిలో నియమించి, క్రేనును వీధి చివరే నిలిపి ఉంచారు. నూకరాజు పదింటికి కారు కిందకి దూరి, అయిదింటికి బయటికి వచ్చేవాడు. చప్పుడు ఆగితే సూర్యప్రకాశం కలం తీసేవాడు. కలం తీస్తే లోపల చప్పుడు మొదలయ్యేది. పన్నెండింటికి వరహాలమ్మ కారు కిందకి కంచం తోసేది. ఒక గ్లాసు మజ్జిగ ఇన్‌స్పెక్టరుకు కూడా ఇచ్చేది.

ఆదివారం నాడు ఒక పూట చేసే పనిని రోజుకు ఏడు గంటలు చేస్తే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. చేస్తున్నవాడు అసలే ఆలోచించలేదు. పాలు కడిగాడు. తుప్పు గీకాడు. అరువు తెచ్చిన బ్యాటరీ బిగించి, సీసాడు పెట్రోలు పోశాడు. జాడీలోని మరలు ఒక్కొక్కటే తమ స్థానాలు వెతుక్కొని వెళ్ళిపోయాయి. మాఘమాసం వచ్చేసరికి జాడీ అడుగు కనిపించింది.

ఒక మంగళవారం, వరహాలమ్మ గ్లాసు పట్టుకొని వచ్చేసరికి, నూకరాజు డ్రైవరు సీటులో కూర్చుని ఉన్నాడు. అతని ముఖం కడిగిన పళ్ళెంలా ఉంది. "ఒక్కటే మిగిలిందే," అన్నాడు గుసగుసగా. "ఈ తాళం తిప్పడం."

"తిప్పకు మావా."

"ఒక్కసారి."

తిప్పాడు. కారు ఒకసారి మూలిగింది. దగ్గింది. తర్వాత ఇరవై రెండేళ్ళ పొగను వెనకనుంచి ఒక్కసారిగా వదలి, గుడగుడమంటూ బతికింది. సీటు అదిరింది. అద్దం మీది పసుపు పెచ్చులుగా రాలింది. ఎండిపోయిన నిమ్మకాయ ఒకటి చక్రం కింద పటుక్కుమన్నది. నూకరాజు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. స్టీరింగు మీద అతని రెండు చేతులూ, పెళ్ళికూతురు వెనక కూర్చున్ననాటిలాగా, వాటంతట అవే సర్దుకొన్నాయి.

అరుగు మీద కునికిపాట్లు పడుతున్న సూర్యప్రకాశం కుర్చీ కిర్రుమన్నది.

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. మరమ్మతు పూర్తయింది. వీధి చివర క్రేను, కార్యాలయంలో చెంబు, కాలిబాట మీద పన్నెండు బస్తాలు.

వరహాలమ్మ గ్లాసు కింద పెట్టింది. బానెట్టు ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టి, చేతికందిన వైరు ఒకటి చటుక్కున పీకేసింది. ఇంజను గుటుక్కుమని ఆగిపోయింది.

"ఏమిటమ్మా ఆ శబ్దము?" అని సూర్యప్రకాశం అరుగు దిగుతూ అడిగాడు.

"మా మావకి దగ్గండి బాబూ," అన్నది వరహాలమ్మ, వైరును బొడ్డులో దోపుకొంటూ. "పాతది. ఇంకా బాగవలేదు."

సూర్యప్రకాశం నిలబడి విన్నాడు. అప్పటికే కారు కింద నుంచి టంగు టంగుమని స్పానరు చప్పుడు వినిపిస్తున్నది. ఆ చప్పుడులో, ఎన్నడూ లేనిది, ఒక తాళం ఉన్నది. ఆయన గడియారం చూసుకొని రాసుకొన్నాడు.

"మరమ్మతు జరుగుచున్నది."